ఫ్లూ టీకా ఫ్రీ అంటారు, మరి నాకెందుకు కాదు? ఇంగ్లండ్‌లో ఎవరెవరికి ఇస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి

లీడ్స్ నెల్లూరోడు | 11 అక్టోబర్ 2025, ఉదయం

అన్నలూ అక్కలూ, ఒక డౌటు. మా వీధి చివర ఫార్మసీ అద్దం మీద ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఫ్లూ టీకా ఉచితం అని ఇంత పెద్ద పోస్టరు అంటించారు. లోపలికెళ్ళి అడిగితే నాకు రాదట, కావాలంటే డబ్బు కట్టి వేయించుకోమన్నారు, ఇరవై పౌండ్లు పైచిలుకు. నాకు 38, బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను, ఆ మాట చెప్పినా కుదరదన్నారు. ఆఫీసులో నా పక్క సీటాయనకి కూడా దాదాపు నా వయసే, ఆయనకి మాత్రం పోయిన వారం పైసా తీసుకోకుండా వేశారు. వీసా కోసం ఏటా 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టేది నేను, ఆయనేమో ఇక్కడే పుట్టినవాడు. పాస్‌పోర్టు చూసి ఇస్తున్నారా ఏంటి?

ఇంట్లో ఇంకా ఉన్నారు. మా ఆవిడకి అయిదో నెల. పాప ఈ సెప్టెంబరులోనే రిసెప్షన్‌లో, అంటే స్కూల్లో మొట్టమొదటి క్లాసులో చేరింది. నాన్న విజిట్ వీసా మీద వచ్చారు, 64 ఏళ్ళు, క్రిస్మస్ దాకా ఉంటారు. వీళ్ళలో ఎవరికి ఫ్రీ, ఎవరికి కాదు? గూగుల్ చేస్తే ఒక్కో సైటు ఒక్కో ఏడాది లిస్టు చూపిస్తోంది, బుర్ర తిరుగుతోంది.

టూటింగ్ బాబాయ్ | 11 అక్టోబర్

పాస్‌పోర్టు కాదు నాయనా. నీ పక్క సీటాయనకి షుగరో ఆస్తమానో ఉండి ఉంటుంది, నీకు చెప్పి ఉండడు, అంతే. ఇక్కడివాళ్ళు ఒంట్లో బాగోలేని సంగతి మనలా టీ బ్రేకులో చర్చకు పెట్టరు కదా. సర్‌చార్జికీ దీనికీ సంబంధం లేదు. అది కట్టినందుకు ఎన్‌హెచ్‌ఎస్ దగ్గర నువ్వు ఇక్కడివాడితో సమానం, అంతవరకే. ఏ జబ్బూ లేని 38 ఏళ్ళ ఇంగ్లీషువాడు వెళ్ళినా డబ్బు కట్టమనే అంటారు.

మందుల కొట్టు అక్క | 11 అక్టోబర్, మధ్యాహ్నం

నేను బర్మింగ్‌హామ్‌లో ఫార్మసిస్టుని, ఈ నెలంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా జబ్బలకు సూదులు గుచ్చడమే పని, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇది ఇంగ్లండ్ వరకే, 2025-26 సీజన్ లెక్క.

వయసుతో వచ్చేది 65 నుంచి. కానీ ఈ రోజుకి 65 నిండాలని కాదు, 2026 మార్చి 31 లోపు నిండితే చాలు. అంటే 1961 మార్చి 31 వరకు పుట్టినవాళ్ళందరికీ ఇప్పుడే ఇస్తారు. మీ నాన్నగారి పుట్టినరోజు ఎప్పుడో చూసుకోండి ముందు.

మీ ఆవిడకి ఖచ్చితంగా ఫ్రీ. గర్భిణులకు ఏ నెలలోనైనా ఇస్తారు, వాళ్ళకి అక్టోబరు దాకా ఆగక్కర్లేదు, సెప్టెంబరు 1 నుంచే మొదలైంది. తల్లి వేయించుకుంటే పుట్టిన బిడ్డకి మొదటి కొన్ని నెలలు కొంత రక్షణ ఉంటుంది, ఆరు నెలల లోపు పిల్లలకి ఫ్లూ టీకా వేసే వీలే లేదు కాబట్టి బిడ్డకి ఉన్న దారి అదొక్కటే. మిడ్‌వైఫ్ దగ్గర, జీపీ (మన పేరు నమోదైన ఫ్యామిలీ డాక్టరు) దగ్గర, ఫార్మసీలో ఎక్కడైనా వేస్తారు.

పాపకి స్కూల్లోనే వేస్తారు. రిసెప్షన్ నుంచి ఇయర్ 11 (15-16 ఏళ్ళ వయసు) దాకా పిల్లలందరికీ జబ్బుతో పని లేకుండా ఫ్రీ, మామూలుగా ముక్కులో కొట్టే స్ప్రే. స్కూలు నుంచి అనుమతి ఫారం లింకు వచ్చి ఉంటుంది, మెయిల్ వెతకండి. స్కూలుకి ఇంకా వెళ్ళని పిల్లల్లో, ఈ ఆగస్టు 31 నాటికి రెండు మూడేళ్ళు ఉన్నవాళ్ళకి జీపీ దగ్గర, ఈ ఏడాది నుంచి కొన్ని ఫార్మసీల్లో కూడా.

ఇక 18 నుంచి 64 మధ్యవాళ్ళు. ఇక్కడే అందరూ తికమక పడేది. ఊపిరితిత్తులు, గుండె, కిడ్నీ, కాలేయం, నరాలు, షుగర్, రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బు లేదా మందు, ప్లీహం లేకపోవడం, సికిల్ సెల్, లర్నింగ్ డిజబిలిటీ, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతన్న లెక్క) 40 గానీ ఆ పైన గానీ ఉండటం, ఇవీ కారణాలు. బీపీ ఒక్కటే ఉంటే లిస్టులో లేదు. బీపీ వల్ల గుండె దెబ్బతిని ఉంటే ఉంది. ఈ తేడా చెప్పేసరికి ఎదుటివాళ్ళ ముఖం వాడిపోతుంది, రోజుకి ఎంతమందికి చెప్తానో! మీ ఫార్మసీవాళ్ళు చెప్పింది కరెక్టే.

ఇంకా కేర్ హోమ్‌లో ఉండేవాళ్ళు, ముసలివాళ్ళనో వికలాంగులనో చూసుకునే కేరర్లు, కేర్ ఉద్యోగులు, ఎన్‌హెచ్‌ఎస్ స్టాఫ్. వాటి గురించి ఎవరైనా అడిగితే రాస్తాను, లంచ్ టైమ్ అయిపోయింది.

లీడ్స్ నెల్లూరోడు | 11 అక్టోబర్

అక్కా చాలా థాంక్స్. నాన్నది 1961 ఫిబ్రవరి! అంటే వచ్చేస్తుంది కదా. కానీ విజిట్ వీసా... బిల్లు వేస్తారేమోనని టెన్షన్.

బీపీకి ఎందుకు లేదో మాత్రం నాకింకా మింగుడుపడలేదు. రోజూ మందు మింగేవాడు జబ్బున్నవాడు కాదా?

శంషాబాద్ టు స్లౌ | 11 అక్టోబర్

నాది ఇంకో రకం డౌటు. 41 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం షుగర్ అని తేలింది, టైప్ 2. మాత్రలు వద్దు, తిండి మార్చుకో అంది డాక్టరు. అన్నం తగ్గించి జొన్నరొట్టెకి మారాను, నడక, ఇప్పుడు కంట్రోల్‌లోనే ఉంది. ఒక్క మందూ వాడట్లేదు. మందు వాడే బీపీ ఆయనకే లేదంటే నాకెక్కడ వస్తుంది అని అసలు అడగనేలేదు ఇన్నాళ్ళూ.

మందుల కొట్టు అక్క | 11 అక్టోబర్, రాత్రి

స్లౌ అన్నా, మీకు ఫ్రీ. టైప్ 1, టైప్ 2 రెండూ ఉన్నాయి, టైప్ 2 అయితే ఇన్సులిన్ అయినా మాత్రలైనా ఒట్టి తిండితో అదుపులో ఉన్నా సరే. రేపే వెళ్ళండి. మనవాళ్ళలో ఇలా వదిలేసుకునేవాళ్ళు ఎంతమందో. దక్షిణాసియావాళ్ళకి షుగర్ ఎక్కువ, అదీ చిన్న వయసులోనే వస్తుందని ఈ దేశంలో ప్రతి జీపీకీ తెలుసు, మనకి మాత్రం అది లిస్టులో ఉందన్న సంగతి తెలీదు. అయితే ప్రీడయాబెటిస్, అంటే బోర్డర్‌లో ఉంది అన్నారు చూడండి, అది లెక్కలోకి రాదు. థైరాయిడ్ మాత్ర కూడా రాదు, అడగబోయేవాళ్ళ కోసం ముందే చెప్తున్నా.

నెల్లూరు అన్నా, జబ్బు పెద్దదా చిన్నదా అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. ఫ్లూ వస్తే ఎవరు ఆసుపత్రి పాలవుతారు, ఎవరు చనిపోయే ప్రమాదం ఎక్కువ అన్నది చూసి జేసీవీఐ అనే టీకాల సలహా కమిటీ సిఫారసు చేస్తుంది, దాన్ని బట్టి ప్రభుత్వం డబ్బు పెడుతుంది. అదుపులో ఉన్న బీపీ ఆ లెక్కలో తేలలేదు, షుగర్ తేలింది. వివరాలన్నీ గ్రీన్ బుక్ అనే ప్రభుత్వ పుస్తకంలో 19వ అధ్యాయంలో ఉంటాయి, ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. అందులోనే ఇంకో మాట కూడా ఉంటుంది, ఈ పట్టికే అంతిమం కాదు, ఫ్లూ వల్ల ఉన్న జబ్బు ముదురుతుందని డాక్టరుకి అనిపిస్తే ఇవ్వొచ్చు అని. మీకు బీపీతో పాటు ఇంకేమైనా ఉంటే జీపీని ఒకసారి అడిగి చూడండి. ఊరికే బీపీ మాత్రమే అయితే ఆ ఫోన్ క్యూలో నిలబడటం దండగ.

హల్ హరి | 12 అక్టోబర్

ఆస్తమా సంగతి కూడా చెప్పండి మేడమ్. నా దగ్గర నీలం ఇన్‌హేలర్ ఉంది, చలికాలంలో అప్పుడప్పుడూ పీలుస్తా. పోయినేడు ఒక చోట లేదన్నారు, మా కజిన్‌కేమో ఆస్తమాకే ఇచ్చారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే తాత.

మందుల కొట్టు అక్క | 12 అక్టోబర్

తాత ఒకటే గానీ ఇన్‌హేలర్ ఒకటి కాదేమో కనుక్కోండి. స్టిరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్‌గానీ స్టిరాయిడ్ మాత్రలుగానీ మళ్ళీ మళ్ళీ వాడాల్సి వస్తేనో, ఆస్తమా ముదిరి ఎప్పుడైనా ఆసుపత్రిలో చేర్చి ఉంటేనో వస్తుంది. ఎప్పుడో ఒకసారి పీల్చే నీలం రంగుది, సాల్బ్యుటమాల్, అదొక్కటే అయితే రాదు. అయితే నీలంది తరచుగా వాడాల్సి వస్తోందంటే ముందు ఆస్తమా రివ్యూకి వెళ్ళండి, టీకా సంగతి తరవాత.

రాత్రి డ్యూటీ | 12 అక్టోబర్, తెల్లవారుజాము

షిఫ్టు మధ్యలో చదువుతున్నా, మనసులో ఉన్నది రాసేస్తా. నేను కేర్ వీసా మీద వచ్చాను, ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం చేయించడం, మందులివ్వడం, తినిపించడం, ఇదీ పని. ఇప్పటిదాకా ఫ్లూ టీకా నా డబ్బులతోనే వేయించుకుంటున్నా, ఎందుకంటే మా ఏజెన్సీలో అడిగితే అది మా బాధ్యత కాదు, నీకు కావాలంటే నువ్వే చూసుకో అన్నారు. సరే అని ఊరుకున్నా. ఈ మధ్య నేను వెళ్ళే ఇంట్లో పెద్దావిడ కూతురు అడిగింది, నీకు ఫ్రీ కదా, ఎందుకు కట్టావు అని. ఆవిడకి తెలిసింది నాకు జీతమిచ్చేవాళ్ళకి తెలీదా? తెలిసీ చెప్పలేదా? ఆ డబ్బుకి మా ఇంట్లో నాలుగు రోజుల కూరగాయలు వస్తాయి. నిజంగా మాకు ఫ్రీయేనా?

మందుల కొట్టు అక్క | 12 అక్టోబర్

నిజమే చెల్లీ. కేర్ హోమ్‌లో, నర్సింగ్ హోమ్‌లో, హాస్పిస్‌లో, ఇళ్ళకి వెళ్ళి చేసే హోమ్‌కేర్‌లో పనిచేస్తూ, ఎదుటిమనిషిని నేరుగా చూసుకునేవాళ్ళకి ఫ్రీ. సొంతంగా యజమాని టీకా కార్యక్రమం పెట్టి ఉంటే అక్కడ వేస్తారు, పెట్టకపోతే ఫార్మసీలోనో జీపీ దగ్గరో ఎన్‌హెచ్‌ఎస్ లెక్కలో వేస్తారు. మీ ఏజెన్సీ మా బాధ్యత కాదు అన్నదే మీరు ఇక్కడ అర్హులు అవడానికి కారణం, తమాషా చూడండి. వెళ్ళి నేను ఫ్రంట్‌లైన్ సోషల్ కేర్ వర్కర్‌ని, మా యజమాని దగ్గర టీకా సదుపాయం లేదు అని చెప్పండి, ఆ మాట చాలు. పని బ్యాడ్జీ ఉంటే జేబులో పెట్టుకెళ్ళండి, చర్చ తగ్గుతుంది.

వారానికి కొన్ని గంటలే కేర్ పని చేసే స్టూడెంట్లు కూడా ఇందులోకే వస్తారు. పార్ట్ టైమా ఫుల్ టైమా అన్నది కాదు, చేసే పని ఏంటన్నదే.

కొవెంట్రీ కుర్రాడు | 12 అక్టోబర్

అక్కా ఈ ఒక్క మాటకి మీకు పార్టీ ఇవ్వాలి. మా ఇంట్లో అయిదుగురం, అందరం ఎంఎస్సీ, నలుగురం వీకెండ్ కేర్ హోమ్‌లో చేస్తాం. ఎవడికీ తెలీదు. అయిదోవాడు వేర్‌హౌస్, వాడికి నోరూరిస్తున్నాం.

మందుల కొట్టు అక్క | 12 అక్టోబర్

వాడికి ఆస్తమా ఉందేమో అడగండి :)

రాత్రి డ్యూటీ | 12 అక్టోబర్

థాంక్స్ అక్కా. మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశా, డ్యూటీలో ఉన్నవాళ్ళు కూడా రిప్లై ఇస్తున్నారు. మాలో కేరళ అమ్మాయిలకి ముందే తెలుసట, వాళ్ళ దగ్గర సమాచారం ఎప్పుడూ మనకంటే ముందుంటుంది.

నిజం మాట్లాడుకుందాం | 12 అక్టోబర్

అందరూ ఫ్రీ ఫ్రీ అని పరిగెత్తడం బాగుంది గానీ అసలు అవసరమా అని ఎవరూ అడగరేం? పోయినసారి వేయించుకున్నాను, ఆ రాత్రే ఒళ్ళు కాలిపోయింది. రెండు నెలలకి జలుబు దగ్గు ఎటూ వచ్చాయి. మన ఊళ్ళో ఈ టీకా పేరే వినలేదు, ఎవరం పోలేదు కదా.

టూటింగ్ బాబాయ్ | 12 అక్టోబర్

వినకపోవడం అంటే లేకపోవడం కాదు. హైదరాబాద్‌లో కూడా ఉంది, ప్రైవేటు ఆసుపత్రుల్లో, పిల్లల డాక్టర్ల దగ్గర డబ్బు కట్టి వేయించుకుంటారు. మన ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు కాబట్టి పల్లెల్లో తెలీదు. 2009 తరవాత స్వైన్ ఫ్లూ అని మాస్కులు కట్టుకుని తిరిగింది ఎవరు మరి, గాంధీ ఆసుపత్రి వార్డులు టీవీల్లో చూపించింది ఎందుకు? అదీ ఫ్లూయే కదా.

మందుల కొట్టు అక్క | 13 అక్టోబర్

జబ్బకు వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం, ఒళ్ళు నొప్పులు కొందరికి వస్తాయి, మీకు వచ్చిందీ అదే. రెండు నెలల తరవాత వచ్చిన జలుబు ఇంకో వైరస్‌ది కావచ్చు, ఈ టీకా మామూలు జలుబుని ఆపదు, ఆపుతుందని మేమూ చెప్పం. వేయించుకున్నా ఫ్లూ రావచ్చు, కాకపోతే ముదిరి ఆసుపత్రికి చేరే అవకాశం తగ్గుతుంది. ఒంట్లో పనిచెయ్యడం మొదలవడానికి రెండు వారాలు పడుతుంది, ఆలోపే ఎవరి దగ్గరో అంటించుకుని టీకావల్లే వచ్చిందంటారు. వద్దనుకుంటే మానెయ్యండి, మీ ఇష్టం, బలవంతం ఏమీ లేదు. ఇంట్లో చిన్నపిల్లలో పెద్దవాళ్ళో ఉంటే మాత్రం వాళ్ళకి అడ్డుపడకండి.

టూటింగ్ బాబాయ్ | 13 అక్టోబర్

నా బాధ ఎవరితో చెప్పుకోను. నాకు 58. 2020లో కోవిడ్ ఏడాది 50 దాటినవాళ్ళకి కూడా ఫ్రీ అన్నారు, వేయించుకున్నాను. 2021లో ఇచ్చారు, 2022లో ఇచ్చారు. 2023 వచ్చేసరికి, కోవిడ్ గొడవ తగ్గింది కదా, 50 నుంచి 64 మధ్య ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మళ్ళీ డబ్బు కట్టుకోండి అన్నారు. నెట్‌లో 50 ప్లస్ ఫ్రీ అని ఇప్పటికీ కనిపించే పేజీలన్నీ ఆ మూడేళ్ళవి, నెల్లూరు అబ్బాయి బుర్ర తిరిగింది అందుకే. పండగకి బోనస్ ఇచ్చి మరుసటేడు జీతంలోంచి తీసేసినట్టుంది నా సంగతి.

ఈ స్కీము మొదట్నుంచీ ఇలా పెరుగుతూ తరుగుతూనే ఉంది. నేను వచ్చిన కొత్తలో, 2000లో, 65 దాటిన అందరికీ అన్నారు, అంతకుముందు 75 లోపువాళ్ళకి జబ్బుంటేనే. గర్భిణులందరినీ కలిపింది 2010లో, స్వైన్ ఫ్లూ దెబ్బకి. పిల్లల ముక్కు స్ప్రే 2013 నుంచి. కాబట్టి ఏటా కొత్తగా చూసుకోవాల్సిందే, నిరుడు వచ్చింది కదా అని వెళ్తే కౌంటర్లో సిగ్గుపడాల్సి వస్తుంది.

కడప ఇల్లు | 13 అక్టోబర్

అస్సలాము అలైకుం, నమస్తే అందరికీ. పిల్లల స్ప్రే గురించి. మా బాబు ఇయర్ 2. ఆ స్ప్రేలో పంది జెలటిన్ ఉందని మసీదు గ్రూపులో వచ్చింది. ఫారంలో నో కొట్టేద్దామంటే మావారు ఆగు, అడుగుదాం అన్నారు. నిజమేనా? వేరే దారి ఉందా?

మందుల కొట్టు అక్క | 13 అక్టోబర్

వాలేకుం అస్సలాం. నిజమే, ఆ స్ప్రేలో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, టీకా చెడిపోకుండా ఉండటానికి. నో కొట్టకండి. జెలటిన్ లేని ఇంజెక్షన్ అడగొచ్చు, మతపరమైన కారణం చెబితే ఇస్తారు, అదీ ఫ్రీయే. అనుమతి ఫారంలోనే ఆ ప్రశ్న ఉంటుంది, లేకపోతే స్కూలుకి వచ్చే టీకా బృందానికి ఫోన్ చేసి చెప్పండి. మాంసం ముట్టని ఇళ్ళవాళ్ళకీ ఇదే దారి, మన బ్రాహ్మణ, వైశ్య కుటుంబాలవాళ్ళు చాలామంది మా దగ్గర ఈ మాట తెలిశాక ఉలిక్కిపడతారు.

గుడ్డు గురించి కూడా అడుగుతారు. కొన్ని ఫ్లూ టీకాలు కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో చేస్తారు, కొన్ని గుడ్డుతో పని లేకుండా చేస్తారు. 65 లోపు పెద్దవాళ్ళకి ఇప్పుడు ఎక్కువగా గుడ్డు లేనివే వాడుతున్నారు. గుడ్డు పడనివాళ్ళు, తిననివాళ్ళు బుక్ చేసేటప్పుడే చెప్పండి, కుర్చీలో కూర్చుని చొక్కా మడిచాక చెబితే మాకు ఫ్రిజ్ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంకో మాట. గత మూడు రోజుల్లో పిల్లికూతలతో ఆయాసం వచ్చిన పిల్లలకి స్ప్రే ఇవ్వరు, ఆగమంటారు లేదా ఇంజెక్షన్ వేస్తారు.

కడప ఇల్లు | 13 అక్టోబర్

జజాకల్లాహ్ అక్కా. ఫారం మళ్ళీ తెరిచి చూశా, కింద ఆ ప్రశ్న ఉంది, చిన్న అక్షరాల్లో.

పాత నిజామాబాద్ | 13 అక్టోబర్

నేను ఎక్కువ రాయను. మా ఆవిడకి కిడ్నీ మార్పిడి జరిగింది, జీవితాంతం ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడాలి. ఆమెకి ఏటా మెసేజ్ వస్తుంది. నాకు రాదు. నేను ట్యాక్సీ నడుపుతా, రోజూ ఎంతమందో ఎక్కుతారు, దగ్గుతారు. నేను తెచ్చి ఆమెకి అంటిస్తానేమోనని భయం. నాకు డబ్బు కట్టాల్సిందేనా?

మందుల కొట్టు అక్క | 13 అక్టోబర్

అన్నా, మీకు ఫ్రీ. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి ఇస్తారు, మీ భయం ఏదైతే ఉందో ఆ కారణంగానే ఇస్తారు. మీకు మెసేజ్ రాదు, ఎందుకంటే మీ రికార్డులో ఆమె జబ్బు ఉండదు. మీరే వెళ్ళి చెప్పాలి. కీమో నడుస్తున్నవాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఇదే. ఇంట్లో పెద్ద పిల్లలు ఇయర్ 11 దాటి ఉన్నా, ఇంకెవరున్నా వాళ్ళని కూడా తీసుకెళ్ళండి.

అలాగే కేరర్ల సంగతి. మంచాన ఉన్న అత్తగారినో, వికలాంగుడైన తమ్ముడినో ఇంట్లో ముఖ్యంగా చూసుకునేది మీరే అయితే మీకు ఫ్రీ, ప్రభుత్వం ఇచ్చే కేరర్స్ అలవెన్స్ అనే భత్యం తీసుకుంటేనే అని లేదు. మన కోడళ్ళు దీన్ని ఉద్యోగంలా అనుకోరు కాబట్టి కేరర్ అని ఎక్కడా నమోదు చేయించుకోరు. జీపీ దగ్గర ఆ ముక్క రాయించుకుంటే వచ్చే ఏడాది మెసేజ్ మీకే వస్తుంది.

పాత నిజామాబాద్ | 13 అక్టోబర్

రేపు పొద్దున పోతా.

గుంటూరు గ్లాస్గో | 14 అక్టోబర్

స్కాట్లండ్‌వాళ్ళు ఈ థ్రెడ్ చూసి ఫార్మసీకి పరిగెత్తకండి. మా దగ్గర లిస్టు చాలావరకు ఇలాంటిదే గానీ పద్ధతి వేరు, హెల్త్ బోర్డు క్లినిక్‌లో వేస్తారు, ఉత్తరమో మెసేజో వస్తుంది, ఆన్‌లైన్‌లో టైమ్ మార్చుకోవచ్చు. ఉత్తరం పాత అడ్రసుకి పోయి తెలుగువాళ్ళు చాలామంది మిస్సవుతారు, ఇల్లు మారినప్పుడు జీపీకి చెప్పరు కదా మనవాళ్ళు, కరెంటు కంపెనీకి మాత్రం చెప్తారు. వేల్స్, ఉత్తర ఐర్లండ్ లిస్టులు వాళ్ళవి వాళ్ళు పెట్టుకుంటారు.

లీడ్స్ నెల్లూరోడు | 14 అక్టోబర్

నాన్న సంగతి ఎవరూ చెప్పలేదు. విజిట్ వీసా. ఆయనకి షుగర్ కూడా ఉంది, రాయడం మర్చిపోయా.

టూటింగ్ బాబాయ్ | 14 అక్టోబర్

మా అత్తగారికి చేయించాను, చెప్తా విను. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర చూపించుకోవడానికి వీసాతో పని లేదు, ఎవరైనా పేరు రాయించుకోవచ్చు. మూడు నెలల లోపు ఉండేవాళ్ళని టెంపరరీ పేషెంట్‌గా రాసుకుంటారు, ఎక్కువ ఉంటే మామూలుగా రాసుకుంటారు. పాస్‌పోర్టు, కరెంటు బిల్లు లేనంత మాత్రాన కాదనకూడదని ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళే చెప్తారు, రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళకి ఒక్కోసారి ఆ సంగతి తెలీదు, మెత్తగా గుర్తుచెయ్యి. డబ్బు పడేది పెద్దాసుపత్రిలో, అడ్మిట్ అయితే, అక్కడ విజిటర్లకి అసలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు వేస్తారు. అందుకే నాన్నగారికి టీకా ముందు వేయించు, ఫ్లూతో ఆసుపత్రిలో పడితే నీ నెల జీతం సరిపోదు. ట్రావెల్ ఇన్సూరెన్సులో షుగర్ సంగతి రాశావా అసలు?

మందుల కొట్టు అక్క | 14 అక్టోబర్

బాబాయ్ చెప్పింది కరెక్టు. వయసూ ఉంది, షుగరూ ఉంది, రెండు విధాలా వస్తుంది. ఆయన మందుల చీటీ తీసుకెళ్ళండి, మన ఊరి బ్రాండ్ పేర్లు ఇక్కడివాళ్ళకి తెలియవు, మందు అసలు పేరు చూపించండి. ఫార్మసీకి కాకుండా జీపీ దగ్గరికే వెళ్ళడం సులువు ఆయన విషయంలో.

స్లౌ పిన్ని | 14 అక్టోబర్

ఫ్లూకి వెళ్ళినప్పుడు కోవిడ్ కూడా వేసేస్తారా? మా అమ్మకి 68.

మందుల కొట్టు అక్క | 14 అక్టోబర్

ఫ్లూ వేస్తారు, కోవిడ్ వెయ్యరు. ఈ శరత్కాలం నుంచి కోవిడ్ టీకా 75 దాటినవాళ్ళకి, పెద్దవాళ్ళ కేర్ హోమ్‌లో ఉండేవాళ్ళకి, ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్ళకే. నిరుడు 65 నుంచి ఇచ్చారు, అందుకే ఈసారి కౌంటర్ దగ్గర గొడవలు. 65 దాటినవాళ్ళకి వేసే ఫ్లూ టీకా వేరే రకం, వాళ్ళ ఒంట్లో బాగా పనిచేసేలా తయారైంది, కాబట్టి మీదీ అమ్మదీ ఒకటి కాదని కంగారు పడకండి.

మీ ఇంట్లో గర్భిణులుంటే ఇంకో రెండు ఉన్నాయి, కోరింత దగ్గుది 16 వారాల నుంచి, పసిపిల్లల ఊపిరితిత్తులకి సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌ది 28 వారాల నుంచి. నెల్లూరు అన్నా, ఇది మీకే.

హల్ హరి | 15 అక్టోబర్

కనుక్కున్నా. కజిన్‌ది గోధుమరంగు స్టిరాయిడ్ ఇన్‌హేలర్, పొద్దునా సాయంత్రం. నాది నీలం. నాకు లేదు. ఆఫీసువాళ్ళు వోచర్ ఇస్తారట, హెచ్‌ఆర్ మెయిల్ నెల కిందటే వచ్చి పడుంది. నెల్లూరు అన్నా మీ ఆఫీసులో కూడా అడగండి, చాలా కంపెనీలు ఇస్తాయి.

లీడ్స్ నెల్లూరోడు | 16 అక్టోబర్

అప్‌డేట్. నాన్నకి జీపీలో పేరు రాయించా, రిసెప్షనిస్టు మొదట వీసా అడిగింది, టెంపరరీ పేషెంట్ అంటే లోపలికెళ్ళి ఎవరినో అడిగి వచ్చి ఫారం ఇచ్చింది. శనివారం టీకా. మా ఆవిడకి మిడ్‌వైఫ్ వేసేసింది, కోరింత దగ్గుది కూడా అదే రోజు. నాకు ఆఫీసు వోచర్ ఉంది, హరీ థాంక్స్. పాప ఫారం మాత్రం గడువు అయిపోయింది, స్కూల్లో టీకావాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. ఇప్పుడు డబ్బు కట్టాలా?

మందుల కొట్టు అక్క | 16 అక్టోబర్

అక్కర్లేదు. స్కూల్లో మిస్సయిన పిల్లలకి ఆ టీకా బృందమే బయట క్లినిక్‌లు పెడుతుంది, కొందరు స్కూలుకే రెండోసారి వస్తారు. మీ మెయిల్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి తేదీ తీసుకోండి. ముందే తీసుకోండి, డిసెంబరు వచ్చేసరికి ఖాళీలు ఉండవు.

కొవెంట్రీ కుర్రాడు | 16 అక్టోబర్

అక్కా, వేర్‌హౌస్‌వాడు బీఎంఐ లెక్కేసుకుంటున్నాడు. 31 వచ్చింది. బిర్యానీ తిని 40 చేస్తానంటున్నాడు.

మందుల కొట్టు అక్క | 16 అక్టోబర్

ఆ బిర్యానీల ఖర్చుతో పదిసార్లు వేయించుకోవచ్చని చెప్పండి.